ఐదు విద్యాస్థానాలు, వేంగి కొండ

భారతీయ బౌద్ధాచార్యులు మనిషి నేర్వదగిన జ్ఞానాన్నంతటినీ ఐదు విద్యాస్థానాల కింద కూర్చారు. విద్యాస్థానం అంటే ఒక విద్య తన సొంత విషయంతో, సొంత పద్ధతితో నిలదొక్కుకొనే చోటు. భాషనూ వ్యాకరణాన్నీ చెప్పేది శబ్దవిద్య. ఒక మాటను ఎందుకు నమ్మాలో, ఎందుకు నమ్మకూడదో తేల్చేది హేతువిద్య, అనగా తర్కం. రోగాన్నీ మందునూ చెప్పేది చికిత్సావిద్య. కట్టడాలు, పనిముట్లు, లెక్కలు, చేతిపనులు అన్నీ చేరేది శిల్పకర్మస్థానవిద్య. చిత్తాన్నీ దుఃఖాన్నీ విముక్తినీ విచారించేది అధ్యాత్మవిద్య. ఏడవ శతాబ్దంలో ఈ దేశమంతా తిరిగిన చైనా భిక్షువు హ్యూయన్‌త్సాంగ్, ఇక్కడి పిల్లలకు అక్షరాభ్యాసం ముగిసి ఏడేళ్ళు నిండాక ఈ ఐదు విద్యల శాస్త్రాలను క్రమంగా నేర్పుతారని తన యాత్రాగ్రంథంలో రాశాడు.

తెలుగువారికి ఎక్కువగా పరిచయమైనవి ఈ ఐదూ కావు, చతుర్దశ విద్యలు. నాలుగు వేదాలు, ఆరు వేదాంగాలు, మీమాంస, న్యాయం, పురాణం, ధర్మశాస్త్రం కలిసి పద్నాలుగు. వాటిలో వైద్యానికి చోటు లేదు, శిల్పానికి చోటు లేదు. ఆయుర్వేదం, ధనుర్వేదం, గాంధర్వం, అర్థశాస్త్రం అనే నాలుగింటిని చేర్చి పద్దెనిమిదిగా లెక్కించినప్పుడే వైద్యం ఆ వరుసలోకి రాగలిగింది. బౌద్ధుల లెక్కలోనైతే గోడ కట్టే విద్య, గాయం మాన్పే విద్య, విముక్తిని విచారించే విద్య మొదటినుంచీ ఒకే పంక్తిలో కూర్చున్నాయి. ఇంజినీరింగు, వైద్యం అనే రెండింటి మీదనే ఒక ప్రాంతపు ఆశలన్నీ నిలిచిన ఈ కాలంలో, ఆ పంక్తి ఎందుకు అలా కూర్చబడిందో విచారించడం అవసరం.

ఆ కారణాన్ని మైత్రేయుడికీ అసంగుడికీ ఆపాదించే మహాయాన సూత్రాలంకారం, దాని వ్యాఖ్య స్పష్టంగానే చెబుతాయి. ఐదు విద్యలలోనూ శ్రమించనివాడు ఎంతటి ఆర్యుడైనా సర్వజ్ఞుడు కాలేడని చెప్పి, ఏ విద్య ఎవరికోసమో ఆ వ్యాఖ్య విడదీసి చూపిస్తుంది. హేతువిద్య, శబ్దవిద్య పరుల పొరపాటు వాదాలను నిలువరించడానికి. చికిత్స, శిల్పం పరులను అనుగ్రహించడానికి, అంటే వారికి మేలు చేయడానికి. అధ్యాత్మవిద్య ఒక్కటే తాను తెలుసుకోవడానికి. ఈ విభజన ప్రకారం ఇంజినీరింగు, వైద్యం నేర్చుకొనేవాడి సొంతానికి ఉద్దేశించినవే కావు. అవి పుట్టుకతోనే పరార్థవిద్యలు.

నేటి వాడుక దీనికి సరిగ్గా తలకిందులు. ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ, బైపీసీ అనే రెండు దారులలో ఒకదాన్ని ఎంచుకొనే పిల్లవాడికీ, వాడి ఫీజు కట్టే తల్లిదండ్రులకూ శిల్పమూ చికిత్సా సొంత జీవనానికి దొరికే గట్టి పునాదులు. విముక్తి, చిత్తశుద్ధి వంటి మాటలు పదవీవిరమణ తర్వాత ఎవరికైనా చెప్పడానికి, ఎవరి దగ్గరైనా వినడానికి మిగిలే విషయాలు. పరులకోసం అన్నది తనకోసం అయింది, తనకోసం అన్నది పరులకు చెప్పే ప్రవచనం అయింది. పొగాకు మీద, పామాయిల్ తోటల మీద, వర్షం మీద ఆధారపడి బతికే మెట్టప్రాంతపు కుటుంబం తన బిడ్డకు ఒక నిలకడైన జీవనం కోరుకోవడం తప్పేమీ కాదు కనుక, దీన్ని పతనమని తేలికగా కొట్టివేయడం న్యాయం కాదు. అయినా ప్రశ్న మాత్రం మిగులుతుంది: ఒకే విద్య స్వార్థమూ పరార్థమూ రెండూ కాగలదా, కాగలిగితే ఆ రెండింటినీ కలిపే ముడి ఏది? (ఇక్కడ స్వార్థమంటే లోకంలో నిందగా వాడే అర్థంలో కాక, 'తనకోసం' అన్న శాస్త్రార్థంలోనే తీసుకోవాలి.)

ఈ ప్రశ్నకు అతి పాత రూపాలలో ఒకటి ఏలూరు జిల్లా మెట్టలోని జంగారెడ్డిగూడేనికి దక్షిణాన ఉన్న వేంగిదేశంలోనే దొరుకుతుంది. ఏలూరుకు ఉత్తరాన పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న పెదవేగి ఒకప్పటి వేంగీపురం. శాలంకాయనులకూ తర్వాత తూర్పు చాళుక్యులకూ రాజధాని. కుబ్జ విష్ణువర్ధనుడు ఏలుతున్న రోజుల్లో, 639 ప్రాంతంలో, హ్యూయన్‌త్సాంగ్ ఆంధ్రదేశానికి వచ్చి, దాని రాజధానిని చైనీ ఉచ్చారణలో పింగ్-కి-లో అని పేర్కొన్నాడు. అది వేంగీపురమేనని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు. దేశంలో ఇరవైకి పైగా సంఘారామాలు, మూడువేలకు పైగా భిక్షువులు ఉన్నారని, నగరం సమీపంలో ఆచారుడనే అర్హతుడు కట్టించిన పెద్ద విహారమూ రాతి స్తూపమూ ఉన్నాయని చెప్పి, అక్కడికి నైరుతి దిక్కున ఒంటరిగా నిలిచిన ఒక కొండను, దాని మీది రాతి స్తూపాన్ని ప్రస్తావించాడు. ఆచార్య దిఙ్నాగుడు హేతువిద్యాశాస్త్రాన్ని రచించిన చోటు ఆ కొండేనని అతడు రాశాడు.

జంగారెడ్డిగూడేనికి నైరుతిగా, కామవరపుకోట మండలం జీలకర్రగూడెం దగ్గర ఉన్న గుంటుపల్లి బౌద్ధగుహలను ఈ కొండతో కలిపి చెప్పాలనిపించడం సహజమే కాని, గుంటుపల్లి పెదవేగికి ఉత్తరాన ఉంది, యాత్రికుడు చూపిన దిక్కు వేరు. గుంటుపల్లి గొప్పతనానికి ఆ అతుకు అవసరమూ లేదు. క్రీస్తుపూర్వపు శతాబ్దాలలోనే అక్కడ కొండను తొలిచి, కొయ్యవాసాలను పోలిన కప్పుతో వలయాకారపు చైత్యాన్ని చెక్కారు. ఆ చైత్యంలోని స్తూపాన్ని చుట్టుపక్కల ఊళ్ళవారు ధర్మలింగేశ్వరుడని కొలుస్తూ వచ్చారు. కొయ్యపని తెలిసినవాడి ఒడుపు రాతిలోకి దిగిన ఆ కప్పు కింద నిలబడితే, శిల్పవిద్య అధ్యాత్మవిద్యకు దూరమని చెప్పడం కష్టం.

దిఙ్నాగుడి కథను హ్యూయన్‌త్సాంగ్ ఇలా విన్నాడు. కొండమీద సమాధిలో ఉన్న ఆచార్యుడిని చూసి ఆ దేశపు రాజు, ఇక అర్హతుడి ఫలాన్ని, అనగా తన వరకు సంసారబంధం తెంచుకొని శాంతిని పొందే స్థితిని, సాధించుకొమ్మని ప్రార్థించాడు. ఆచార్యుడి మనసు అటు మొగ్గింది. అప్పుడు మంజుశ్రీ బోధిసత్త్వుడు వచ్చి, గొప్ప సంకల్పాన్ని వదిలి నీ ఒక్కడి మేలు కోరే చిన్న తలపుకు ఎందుకు దిగజారావని మందలించి, మైత్రేయుని యోగాచారభూమిని లోకంలో ప్రచారం చేయమని ఆదేశించాడు. దిఙ్నాగుడు ఆ మాటకు తలవంచి, లోతుగా ఆలోచించి, ముందుగా హేతువిద్యాశాస్త్రాన్ని రాశాడు. విషయం సూక్ష్మమనీ మాట క్లుప్తమనీ నేర్చుకొనేవారు జంకుతారేమోనని శంకించి, దాని సారాన్ని వారికి అందేలా కూర్చాడు. టిబెట్టు చరిత్రకారులు ఇదే కథను మరో ప్రాంతపు గుహలో నడిపిస్తారు: అతడు గోడమీద రాసిన శ్లోకాన్ని ఒక వాది పదేపదే చెరిపివేస్తే, విసిగి, లోకానికి మేలు చేసే ప్రయత్నమే మానుకోబోయాడని, మంజుశ్రీ ఆపాడని అంటారు. వివరాలు వేరైనా రెండింటిలోనూ ఒకే క్షణం ఉంది. తెలిసినవాడు చాలించుకొని తన దారిన తాను పోదామనుకొన్న క్షణం.

ఈ కథలో గమనించవలసిన విశేషం, మందలింపు తర్వాత అతడు ఎంచుకొన్న పని. పరులమీద కరుణ కలిగినవాడు అన్నసత్రం పెట్టవచ్చు, వైద్యశాల కట్టించవచ్చు, ధర్మోపదేశం చేయవచ్చు. దిఙ్నాగుడు మంచి హేతువును చెడ్డ హేతువునుంచి వేరు చేసే పద్ధతిని రాశాడు. సూత్రాలంకార వ్యాఖ్య హేతువిద్యను పరులను నిలువరించే విద్యగా చూస్తే, వేంగి కొండమీది కథ దాన్నే అనుగ్రహంగా చూసింది. మోసపోకుండా ఆలోచించడం నేర్పడం రోగికి మందు ఇవ్వడంతో సమానమైన సేవ అన్న ఈ భావం ఐదు విద్యల వరుసనే మార్చివేస్తుంది. చికిత్స, శిల్పం పరులకు మేలు చేయాలంటే ఏది మేలో, ఏది మేలులా కనిపించే కీడో తేల్చే విద్య వాటి పక్కనే ఉండాలి.

దిఙ్నాగుడి ప్రధానగ్రంథం ప్రమాణసముచ్చయం. ప్రమాణమంటే నమ్మదగిన జ్ఞానసాధనం. అవి ప్రత్యక్షం, అనుమానం అని రెండే అన్నాడు. అనుమానాన్ని మళ్ళీ రెండుగా విడదీశాడు: తనలో తాను ఒక గుర్తును బట్టి కనిపించనిదాన్ని తెలుసుకోవడం స్వార్థానుమానం, అలా తాను చూసినదాన్ని మాటల్లో పెట్టి ఇతరులకు వెల్లడించడం పరార్థానుమానం. పరార్థానికి అతడు పెట్టిన షరతు ఈ వ్యాసానికి చాలా ముఖ్యం: ఇతరులకు చెప్పేది ముందుగా తాను స్వయంగా చూసినదై ఉండాలి. వినికిడిగా వచ్చిన వాక్యాన్ని మరొకరికి అప్పగించడం పరార్థం కాదు. ఈ లెక్కన స్వార్థం, పరార్థం ఒకదాన్నొకటి తినివేసే శత్రువులు కావు. మొదటిది లేకుండా రెండవది పుట్టదు. మంజుశ్రీ మందలించింది స్వార్థాన్ని కాదు, స్వార్థం దగ్గర ఆగిపోవడాన్ని.

ఇక హేతువు ఎలా ఉండాలన్న విషయం. కొల్లేటి సరస్సు గట్టున నిలబడినవాడికి జమ్ము అడ్డువచ్చి నీరు కనిపించకపోయినా, అక్కడ కొంగలు వాలుతున్న తీరును బట్టి నీరుందని తెలుస్తుంది. పొగను బట్టి నిప్పును, కొంగలను బట్టి నీటిని ఊహించడం పాత బౌద్ధగ్రంథాలలో ఉన్న ఉదాహరణలే. ఆ ఊహ నిలవాలంటే దిఙ్నాగుడి ప్రకారం హేతువుకు మూడు లక్షణాలు ఉండాలి. కొంగలు నిజంగా ఆ చోటనే ఉండాలి. ఇది పక్షధర్మత్వం, అంటే చర్చలో ఉన్న చోట గుర్తు ఉండటం. నీరున్న ఇతర చోట్ల కొంగలు కనిపిస్తుండాలి; ఇది సపక్షంలో ఉండటం. నీరు లేనిచోట కొంగలు కనిపించకూడదు. ఇది విపక్షంలో లేకపోవడం. మూడవదే కష్టమైనది. గొడ్ల వెంట, దున్నే నాగలి వెంట పురుగుల కోసం తిరిగే తెల్లకొంగలను చూసిన ఏ రైతైనా, కొంగ ఉన్నంత మాత్రాన నీరు ఉన్నట్టు కాదని చెప్పగలడు. ఇలా అటూ ఇటూ కూడా కనిపించే గుర్తును అనైకాంతిక హేతువు అన్నారు; అంటే ఒక పక్షానికే కట్టుబడి ఉండని గుర్తు. అది చూడటానికి హేతువులా ఉంటుంది కాని, దేన్నీ రుజువు చేయదు.

2020 డిసెంబర్ మొదటివారంలో ఏలూరు నగరంలో ఈ మూడవ లక్షణం ఎంత బరువైనదో ఊరంతా చూసింది. ఉన్నట్టుండి జనం మూర్ఛతో, కళ్ళు తిరిగి, స్పృహ తప్పి పడిపోయారు. కొద్ది రోజుల్లోనే ఐదు వందలకు పైగా మంది ఆస్పత్రుల పాలయ్యారు. చాలామంది ఒకటి రెండు రోజుల్లో కోలుకొన్నా, కారణం తెలియకపోవడమే పెద్ద భయమైంది. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, నాగపూరు నీరి వంటి సంస్థలు రక్తం, నీరు, పాలు, కూరగాయల నమూనాలు తీసుకువెళ్ళాయి. రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్న వార్త మొదట వచ్చింది. తర్వాతి నివేదికలు పురుగుమందుల అవశేషాల వైపు చూపాయి.

రోగుల రక్తంలో సీసం ఉందన్నది పక్షధర్మత్వం. సీసం ఒంట్లో చేరితే నరాలు దెబ్బతింటాయని ఇతర సందర్భాలలో తెలిసి ఉండటం సపక్షంలో ఉండటం. అయితే అదే వీధిలో, అదే కుళాయి నీరు తాగి, ఏ జబ్బూ లేకుండా తిరుగుతున్నవారి రక్తంలోనూ అంతే సీసం ఉంటే, ఆ గుర్తు అనైకాంతికమైపోతుంది. రోగి పక్కన ఆరోగ్యవంతుడి నమూనాను కూడా పెట్టి పోల్చే నేటి వైద్యపరిశోధన పద్ధతికి మూలమైన సందేహమూ, విపక్షంలో లేకపోవడాన్ని విధిగా కోరిన దిఙ్నాగుడి సందేహమూ ఒకే జాతివి. దిఙ్నాగుడు ప్రయోగశాల నడపలేదు, కార్యకారణాలను కొలిచే లెక్కలు చెప్పలేదు, అతడిని ఆధునిక శాస్త్రవేత్తగా చూపే ఉత్సాహం ఇక్కడ అనవసరం. అయినా, ఏలూరు ప్రజల భయాన్ని తీర్చడానికి వచ్చిన పరీక్షలన్నీ దేనికోసం తపించాయో ఆ నియమం, యాత్రికుడి మాట నమ్మితే, ఆ నగరానికి కూతవేటు దూరంలోనే పదిహేను వందల ఏళ్ళ కింద రాయబడిందన్న సంగతి ఆ ప్రాంతపు బడిపిల్లలకైనా తెలియకపోవడం బాధ కలిగించే విషయం.

ఈ శాస్త్రం వేంగిలో నిలవలేదు, చైనాకు వెళ్ళింది. హ్యూయన్‌త్సాంగ్ 645లో 657 గ్రంథాలతో తాంగ్ రాజధాని చాంగాన్ నగరానికి తిరిగి చేరి, మిగిలిన జీవితమంతా అనువాదానికే అర్పించాడు. శంకరస్వామి రాసిన న్యాయప్రవేశాన్ని 647లో, తర్వాత కొద్దికాలానికే దిఙ్నాగుడి న్యాయముఖాన్ని చైనీలోకి మార్చాడు. విద్య అనే మాటకు చైనీ అనువాదకులు వాడిన 'మింగ్' అనే అక్షరానికి వెలుగు, స్పష్టత అని అర్థం. సూర్యుడి గుర్తునూ చంద్రుడి గుర్తునూ పక్కపక్కన పెట్టి దాన్ని రాస్తారు. హేతువిద్య యిన్-మింగ్ అయింది, చికిత్సావిద్య యీ-ఫాంగ్-మింగ్ అయింది, శిల్పవిద్య గోంగ్-చియావో-మింగ్ అయింది, అధ్యాత్మవిద్య నెయ్-మింగ్, అంటే లోపలి వెలుగు అయింది. నేటి చైనీ భాషలో ఇంజినీరింగును చెప్పే మాటలో ఆ 'గోంగ్', వైద్యాన్ని చెప్పే మాటలో ఆ 'యీ' అలాగే ఉన్నాయి. 'మింగ్' మాత్రం రెండింటినుంచీ జారిపోయింది.

అప్పటి చాంగాన్ ఇప్పటి షియాన్. ఆ నగరంలోని షియాన్ జియావోటాంగ్ విశ్వవిద్యాలయం చైనాలోని పెద్ద ప్రభుత్వ పరిశోధనా విశ్వవిద్యాలయాలలో ఒకటి. దాని బలం ఇంజినీరింగులోనూ వైద్యంలోనూ ఉంది. 1896లో షాంఘైలో నాన్‌యాంగ్ పాఠశాలగా పుట్టి, 1950ల నడుమ పశ్చిమ ప్రాంతాల అభివృద్ధి కోసం ప్రభుత్వం నిర్ణయించగా 1956లో ఆచార్యులతో, విద్యార్థులతో, యంత్రాలతో సహా షియాన్‌కు తరలివచ్చింది. 2000లో షియాన్ వైద్య విశ్వవిద్యాలయం అందులో కలిసింది. సముద్రతీరపు సంపన్ననగరాన్ని వదిలి వేయి కిలోమీటర్లకు పైగా లోపలికి కదిలిన ఆ తరలింపును చైనాలో త్యాగంగా చెప్పుకొంటారు. ఆజ్ఞవల్ల జరిగిన త్యాగానికీ లోపలినుంచి పుట్టిన త్యాగానికీ తేడా ఉందన్నది నిజమే కాని, కొత్త నేలలో జీవితకాలం పాఠాలు చెప్పిన ఆచార్యులలో ఏది ఎంతపాలో బయటివారు తేల్చగలిగింది కాదు. శిల్పమూ చికిత్సా ఒకే ప్రాంగణపు గొడుగు కిందికి వచ్చిన ఆ ఏర్పాటు, హ్యూయన్‌త్సాంగ్ తెచ్చిన గ్రంథాలను భద్రపరచడానికి 652లో కట్టిన పెద్ద అడవిబాతు గోపురం ఉన్న నగరంలోనే ఉండటం కాకతాళీయమే అయినా, ఆలోచనకు పనికివచ్చే కాకతాళీయం.

యాత్రికుడు నడిచిన దారికి ఎదురుదారిలో, ఈ శతాబ్దంలో తెలుగు విద్యార్థులు చైనా వైద్యవిశ్వవిద్యాలయాలకు వెళ్ళారు. ఇక్కడ సీటు దొరకక, దొరికినా ఫీజు భరించలేక, ఉభయ గోదావరి జిల్లాలనుంచి కూడా ఎందరో ఆ దారి పట్టారు. తిరిగివచ్చాక విదేశీ పట్టభద్రులకు 2002నుంచి అమలులో ఉన్న అర్హతపరీక్ష రాశారు. 2020 ఆరంభంలో కరోనా వల్ల ఇళ్ళకు వచ్చినవారు రెండేళ్ళకు పైగా వెనక్కు వెళ్ళలేకపోయారు. ఆ కాలమంతా వారికి పాఠాలు ఫోను తెరమీద, ల్యాప్‌టాప్ తెరమీద సాగాయి. రోగి మంచం దగ్గర నేర్వవలసిన విద్యను తెరమీద విన్నంతలో పూర్తయినట్టు ఇక్కడి నియంత్రణ సంస్థ అంగీకరించక, అదనపు ఇంటర్న్‌షిప్ విధించింది. అప్పులు చేసి చదివించిన కుటుంబాలకు అది మరో దెబ్బ. వారి బాధను తక్కువ చేయడం తగదు. అయినా, దిఙ్నాగుడి షరతు అక్కడ అక్షరాలా వర్తిస్తుంది. తాను చూడనిదాన్ని పరులకు ఇవ్వడానికి వీల్లేదు. నాడి పట్టని చేతికి చికిత్సావిద్య అందినట్టు కాదు, ఆ చేయి ఎంత నిర్దోషమైనదైనా.

ఇదే తూనిక దేశంలోని చదువుకూ పెట్టవలసి ఉంటుంది. రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం హామీ ప్రకారం 2015లో తాడేపల్లిగూడెంలో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ మొదలైంది. దానికి దగ్గరలోని వెంకట్రామన్నగూడెంలో 2007నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఏలూరులో ఆశ్రం వైద్యకళాశాలకు తోడుగా 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల తెరుచుకొంది. పెదవేగిలో, పాత వేంగి నేలమీదనే, పామాయిల్ మీద పరిశోధించే జాతీయ సంస్థ 1995నుంచి పనిచేస్తోంది. షియాన్‌లో ఒక్క విశ్వవిద్యాలయంలో ఉన్న ఇంజినీరింగు, వైద్యం ఇక్కడ వేరువేరు ఊళ్ళలో చెదిరి ఉన్నాయి. అవి ఒక గొడుగు కిందికి రావాలని కోరడం కంటే, వాటిలో ప్రతి ఒక్కదానిలో తక్కిన విద్యాస్థానాలకు ఎంత చోటు ఉందని అడగడం మేలు. బావిలో నీరు అడుగంటుతున్న మెట్టలో బోరునీటితో పెరిగే పామాయిల్ తోట రైతుకు ఎంత మేలు, పక్క రైతుకు ఎంత నష్టం అన్న ప్రశ్న గెల లోపలి నూనెశాతంలో తేలేది కాదు.

కొల్లేరు ఈ విషయంలో మరీ లోతైన పాఠం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటిని పట్టి ఉంచి ఉప్పుటేరు గుండా సముద్రానికి వదిలే ఆ సరస్సులో, గట్లు వేసి చేపల చెరువులు తవ్విన నేర్పు శిల్పవిద్యే. 1999లో సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తుగీత లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాధాన్యమున్న రామ్‌సర్ చిత్తడినేలల పట్టికలోకి ఎక్కింది. 2006లో ప్రభుత్వం యంత్రాలు పెట్టి, పేలుడు పదార్థాలు పెట్టి చెరువుల గట్లను తెంచింది. గట్టు వేసిందీ, గట్టు తెంచిందీ ఒకే విద్య. ఏ గట్టు ఉండాలో, ఏది ఉండకూడదో చెప్పగల శక్తి ఆ విద్యకు లేదు. కూలిపోయిన చెరువులలో పెట్టుబడిదారుల చెరువులు ఉన్నాయి, లంకగ్రామాల పేదలు కూలి చేసుకొని బతికిన చెరువులూ ఉన్నాయి. ఆటపాకలో గూళ్ళు కట్టే గూడకొంగలకు వాటా అడిగే నోరు అసలే లేదు. సూత్రాలంకారం చెప్పిన అన్యానుగ్రహంలో, అంటే పరులకు చేసే మేలులో, 'అన్యులు' ఎవరన్నది ఇక్కడ తీరవలసిన చిక్కు. బౌద్ధపరిభాషలో సత్త్వమంటే చైతన్యమున్న ప్రతి ప్రాణి కనుక, గూడకొంగ కూడా అన్యుల లెక్కలోనిదే. ఆ లెక్కను అంత విశాలంగా వేయగలిగిన మనసును తయారుచేయడం శిల్పం పని కాదు, హేతువిద్య పని కూడా పూర్తిగా కాదు. అది ఐదవ విద్యాస్థానం పని.

ఐదవదాని దగ్గరే నేటి విశ్వవిద్యాలయానికి అసలైన ఇబ్బంది ఉంది. అధ్యాత్మవిద్య అంటే బౌద్ధులు తమ శాస్త్రాన్నే ఉద్దేశించారు. చైనీ అనువాదంలోని 'లోపలి' అన్న మాటకు చిత్తం లోపలిది అని ఒక అర్థం, మన సంప్రదాయం లోపలిది అని మరొక అర్థం. అన్ని మతాలవారూ చదివే ప్రభుత్వవిద్యాలయం ఒక సంప్రదాయపు లోపలిని అందరికీ లోపలిగా విధించలేదు. అలాగని ఆ చోటు ఖాళీగానూ ఉండదు. చైనా విశ్వవిద్యాలయాలలో స్థానిక విద్యార్థులందరికీ రాజకీయ సిద్ధాంతపాఠాలు తప్పనిసరి. అక్కడ ఆ చోటును రాజ్యం నింపింది. భారతదేశంలో ఇంజినీరింగు విద్యార్థులకు మానవీయ విలువల పాఠం, 2019నుంచి వైద్యవిద్యార్థులకు వైఖరి, నీతి, సంభాషణ అనే పాఠం పెట్టారు. రెండోరకం ప్రయత్నం మొదటిదానికంటే మేలైనదే, ఎందుకంటే అది ప్రశ్నను మూయదు. కాని మార్కులు, హాజరు, అసైన్‌మెంటు అయిన మరుక్షణం అదీ ఒక శిల్పంగా మారిపోతుంది. దయను గురించి సమాధానం రాయడం వచ్చినవాడికి దయ వచ్చిందని చెప్పడానికి ఏ ప్రమాణమూ లేదు.

దిఙ్నాగుడి సిద్ధాంతంలో దీనికి ఒక దారి కనిపిస్తుంది. ప్రమాణం వేరు, దాని ఫలం వేరు అని తక్కిన దార్శనికులు అనేకులు భావించగా, తెలుసుకోవడమే తెలుసుకోవడపు ఫలమని, ఆ రెండూ ఒకే జ్ఞానపు రెండు పార్శ్వాలని అతడు వాదించాడు. విద్య ఒక పనిముట్టు, దాని ఫలం తర్వాతెప్పుడో చేతికొచ్చే జీతమో కీర్తో అన్న ఆలోచనకు ఇందులో తావు లేదు. తెలుసుకొన్నప్పుడు మనిషి ఏమవుతాడో అదే ఫలం. ప్రమాణసముచ్చయపు ఆరంభంలో బుద్ధుడికి నమస్కరిస్తూ, ఆయనను ప్రమాణం కలవాడని కాక ప్రమాణంగా అయినవాడని అతడు వర్ణించాడు, వెంటనే లోకహితాన్ని కోరినవాడని జోడించాడు. తర్వాతి శతాబ్దపు ధర్మకీర్తి ఆ రెండు విశేషణాలకూ కార్యకారణసంబంధం చెప్పి, కరుణాభ్యాసమే ప్రమాణంగా కావడానికి సాధనమని వివరించాడు. పరులు బాగుండాలన్న కోరిక జ్ఞానానికి చివర పూసే పూత కాదని, జ్ఞానం నమ్మదగినది కావడానికే అది మూలమని దీని తాత్పర్యం. దీన్ని నిజంగా ఒప్పుకొంటే అధ్యాత్మవిద్య ప్రత్యేకమైన ఐదవ పీరియడు కానవసరం లేదు. ఏలూరు వార్డులో సీసం ఫలితం చేతికొచ్చినప్పుడు ఆరోగ్యవంతుడి నమూనా ఏదని అడిగే వైద్యుడి ఓపికలో, కొల్లేటి గట్టుకు నక్షా గీసేటప్పుడు నీరు ఎటు పోతుంది, ఎవరి ఇంట్లోకి పోతుంది అని అడిగే ఇంజినీరు సంకోచంలో అది ఉండగలదు. ఆ అడగడాన్ని నేర్పే ఆచార్యుడు మాత్రం ముందుగా తాను అడిగినవాడై ఉండాలి.

ప్రమాణసముచ్చయపు సంస్కృతమూలం శతాబ్దాలపాటు టిబెట్టు అనువాదాల ద్వారానే తెలిసింది. దానికి జినేంద్రబుద్ధి రాసిన విస్తృత వ్యాఖ్య సంస్కృతప్రతి టిబెట్టులో దొరికి, దాని మొదటి అధ్యాయం 2005లో చైనా, ఆస్ట్రియా విద్యాసంస్థల ఉమ్మడి కృషితో ముద్రణకు వచ్చింది. న్యాయముఖం చాంగాన్‌లో చేసిన చైనీ అనువాదంలోనే లోకానికి నిలిచింది. వేంగి కొండతో ముడిపడిన ఆచార్యుడి మాటను దగ్గరగా చదవాలనుకొనే తెలుగువాడికి ఈనాడు సంస్కృతం చాలదు, టిబెట్టు భాషో చైనీ భాషో కావాలి. తెలుగునాట ఆ చైనీ వచ్చినవారు తత్త్వశాస్త్రశాఖల్లో అరుదు. చైనా ఆస్పత్రుల్లో రోగి ఎక్కడ నొప్పి అంటున్నాడో అర్థం చేసుకోవడానికి రెండు మూడేళ్ళు ఆ లిపితో కుస్తీపట్టి, తిరిగివచ్చి గోదావరి జిల్లాల ఊళ్ళలో వైద్యం చేస్తున్న డాక్టర్లకు మాత్రం ఆ భాష కొంత వచ్చు. చికిత్సకోసం సంపాదించిన ఆ శబ్దవిద్యను మరికొంత పెంచుకొని, యిన్-మింగ్ అన్న రెండు అక్షరాల దగ్గర పుస్తకం తెరిచి, న్యాయముఖాన్ని తెలుగులోకి తేగల అవకాశం ఈ దేశంలో ఇంకెవరికంటే వారికే ఎక్కువ.